దగ్గు బలం గొంతులో లేదు

ఫోన్లలో చేతులు మారుతున్న ఒక సందేశం నాలుగు మాటలు చెబుతోంది. మగవాళ్ళ గొంతు గట్టిది కాబట్టి వాళ్ళ దగ్గుకు బలం ఎక్కువట. ఆడవాళ్ళ దగ్గు పుట్టుకతోనే బలహీనం కాబట్టి పట్టుకుంటే వదలదట. మోత ఎంత పెద్దదైతే ఊపిరితిత్తులు అంత బాగున్నట్టట. కఫం రాకపోతే వచ్చేదాకా గట్టిగా దగ్గాలట. మొదటిదాంట్లో పిసరంత నిజం ఉంది. చివరిది మాత్రం హాని చేసే సలహా.

"బలం గొంతుది"

దగ్గడానికి ముందు లోతుగా గాలి పీల్చుకుంటాం. వెంటనే గొంతులో మాట పుట్టించే మడతలు, అంటే స్వరతంత్రులు, మూసుకుని దాదాపు 0.2 సెకన్లు ఆ గాలిని బిగబడతాయి. ఆ క్షణంలోనే పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు బిగుసుకుని ఛాతీలో ఒత్తిడి పెంచుతాయి. గట్టి దగ్గులో అది 300 మిల్లీమీటర్ల పాదరసం దాకా వెళ్ళగలదు. తంత్రులు తెరుచుకోగానే గాలి తన్నుకొస్తుంది. అంటే గొంతు తలుపు మాత్రమే, తోసేది పొట్ట. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు గొంతు బాగున్నా దగ్గు నీరసంగా వస్తుంది, ఎందుకంటే పొట్ట కండరాలకు ఆదేశం అందదు. అలాగే ఒక స్వరతంత్రి చచ్చుబడినవాళ్ళకు కండరాలు ఎంత బలంగా ఉన్నా ఒత్తిడి నిలవదు, గాలి ముందే జారిపోతుంది.

సగటున మగవాళ్ళ దగ్గులో గాలి ఎక్కువ వస్తుందన్నది నిజమే. ఒకే ఎత్తు, ఒకే వయసు ఉన్నా వాళ్ళ ఊపిరితిత్తులు పెద్దవి, కండ ఎక్కువ. కానీ అది సగటు లెక్క. ఎత్తు, వయసు, పీల్చుకున్న గాలి, పొట్ట కండరాల సత్తువ, కూర్చున్నారా పడుకున్నారా అన్నవన్నీ కలిస్తేనే ఒక మనిషి దగ్గు. పొడగరి, వ్యాయామం చేసే స్త్రీ దగ్గు పొట్టిగా ఉండే వృద్ధుడి దగ్గును సులువుగా మించుతుంది.

ఇంకొకటి, కఫాన్ని కదిలించేది గాలి జోరు. దగ్గేటప్పుడు శ్వాసనాళం నొక్కుకుని ఇరుకవుతుంది. దారి వైశాల్యం సగమైతే అదే గాలి రెట్టింపు జోరుతో పోతుంది. ఆడవాళ్ళ శ్వాసనాళాలు సగటున సన్ననివి కాబట్టి తక్కువ గాలితోనూ ఆ జోరు కొంత నిలుస్తుంది.

అనుమానం ఉంటే కొలవొచ్చు. గాలి ఎంత జోరుగా బయటికి వస్తుందో చూపే పీక్ ఫ్లో మీటరుకు ముఖానికి పట్టే మాస్కు తగిలించి, నిటారుగా కూర్చోబెట్టి, నిండా పీల్చి దగ్గమంటారు. కనీసం మూడుసార్లు చేయించి పెద్ద అంకె తీసుకుంటారు. మాస్కు పక్కనుంచి గాలి పోతే అంకె తప్పుగా తగ్గుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళలో మామూలుగా నిమిషానికి 360 లీటర్ల పైనే ఉంటుంది. నరాల, కండరాల జబ్బు ఉన్నవాళ్ళలో 270 కంటే తగ్గితే జలుబు చేసినా కఫం లోపలే ఉండిపోయే ముప్పుంది. 160 కంటే తగ్గితే ఆ దగ్గు కఫాన్ని బయటికి తేలేదు. ఈ గీతలు ఆడామగా తేడాతో గీసినవి కావు. "ఆడవాళ్ళ దగ్గు అంతే" అని ఊరుకుంటే అసలు జబ్బు మరుగున పడుతుంది.

"బలహీనం కాబట్టే వదలదు"

వదలకపోవడానికి కారణం బలం కాదు, సున్నితత్వం. మిరపలోని ఘాటు పదార్థాన్ని పీల్పించి చేసే పరీక్షల్లో స్త్రీలు తక్కువ మోతాదుకే దగ్గుతారు. వివిధ దేశాల్లోని 11 దగ్గు క్లినిక్కుల్లో 10,032 మంది రోగులను పరిశీలించి 2014లో ప్రచురించిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది స్త్రీలే. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలతో వచ్చే పొడి దగ్గు కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు సొంతంగా మానేయకుండా డాక్టరుతో చెప్పాలి.

దగ్గితే మూత్రం జారుతుందన్న భయంతో సగంలో ఆపుకునే స్త్రీలు చాలామంది. పైకి అది బలహీనమైన దగ్గులా కనిపిస్తుంది. దగ్గు రాబోతుండగా మూత్రం ఆపుకునే కండరాలను బిగించి, దగ్గు అయ్యేదాకా వదలకుండా పట్టడం నేర్చుకుంటే జారడం తగ్గుతుంది.

"మోత పెద్దదైతే ఊపిరితిత్తులు భేష్"

మోతను బట్టి ఊపిరితిత్తుల గురించి తేల్చలేం. శబ్దంలో స్వరతంత్రుల కదలికది, కఫం చిక్కదనానిది కూడా వాటా ఉంది.

"వచ్చేదాకా దగ్గాలి"

వరసగా గట్టిగా దగ్గితే సన్నటి గాలిదారులు నొక్కుకుని మూసుకుంటాయి, కఫం వెనకే చిక్కుకుంటుంది. మనిషి అలిసిపోతాడు. ఎముకలు పలచబడినవాళ్ళకు పక్కటెముక విరగవచ్చు, కొందరికి కళ్ళు తిరిగి స్పృహ తప్పుతుంది.

దాని బదులు ఇలా చేయాలి. పాదాలు నేలకు ఆనించి, కాస్త ముందుకు వంగి కూర్చోండి. మూడు నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. తర్వాత మామూలుకన్నా కొంచెం ఎక్కువ గాలి పీల్చి, నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని పొట్టతో తోయండి. గొంతు మూయకూడదు, గీరుకున్నట్టు శబ్దం వస్తే మూస్తున్నట్టే. ఒకటి రెండుసార్లు చేసి, మళ్ళీ నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కఫం గొంతు దాకా వచ్చినట్టు తెలిశాకే నిండా పీల్చి ఒక్క దగ్గు దగ్గండి. పొట్టకు ఆపరేషన్ అయినవాళ్ళు కుట్ల మీద దిండును రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. నొప్పి భయంతో లోతుగా పీల్చకపోవడమే అక్కడ దగ్గును దెబ్బతీస్తుంది. మింగేటప్పుడు తరచూ పొలమారడం, మాట నీరసించడం, దగ్గు రోజురోజుకీ తగ్గిపోవడం కలిసి కనిపిస్తే, ఆడైనా మగైనా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి దగ్గు కొలిపించుకోవాలి.