ఉలోస్ కప్పారు సరే, అడవి సంగతేంటి?

పెళ్లి విందులో పంది దవడ ఎవరికి, మెడ ఎవరికి, తొడ ఎవరికి అని మైకు పట్టుకుని గంటల తరబడి మాట్లాడుకునే జనాన్ని చూస్తే బయటివాళ్లకి నవ్వొస్తుంది. ఇండోనేషియాలో ఉత్తర సుమత్రాకి చెందిన బతక్ ప్రజల ఇళ్లలో ఇది మామూలే. ఆ వాటాని జంబర్ అంటారు. ఏ ముక్క ఎవరికన్నది ఆ రోజు ఆ విందులో ఎవరికి ఎవరు ఏమవుతారన్నదాన్ని బట్టి ఉంటుంది, రుచిని బట్టి కాదు, ఆకలిని బట్టి అసలే కాదు. ముక్క మారితే వరస తప్పినట్టే లెక్క. మాట్లాడే వంతుకి కూడా జంబర్ ఉంది, అంటే లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పే హక్కు ఎవరెవరికి ఉందో ముందే తేలిపోయి ఉంటుంది, ఎంత లేనివాడైనా ఆ హక్కున్నవాడి నోరు నొక్కకూడదు.

బతక్ సంస్కృతి అనగానే టూరిజం ప్రకటనల్లో కనిపించేవి వేరు. తోబా సరస్సు, పడవ ఆకారంలో పైకి లేచిన కప్పుల ఇళ్లు, ఎరుపు తెలుపు నలుపు రంగుల చెక్కడాలు, తోర్-తోర్ నాట్యం, విమానం దిగిన ప్రతి మంత్రి భుజాన కప్పే ఉలోస్ వస్త్రం. అన్నీ అందమైనవే, కాదనం. కానీ వాటిని చూపించి మేం సంస్కృతిని కాపాడుతున్నాం అని ప్రభుత్వం చెప్పుకుంటుంటే మాత్రం కొన్ని ప్రశ్నలు అడగాల్సి వస్తుంది.

ముందు ఒక మాట. బతక్ అంటే ఒకే సమాజం కాదు. తోబా, కారో, సిమలుంగున్, పక్‌పక్, అంకోలా, మందైలింగ్ అనే ఆరింటిని కలిపి ఆ పేరుతో పిలుస్తారు, 2010 జనాభా లెక్కల్లో అందరూ కలిసి సుమారు 85 లక్షలు. ఆ పేరు మాకొద్దు అనేవాళ్లూ ఉన్నారు. ముస్లింలైన మందైలింగ్ వాళ్లలో చాలామంది తాము బతక్ కాదంటారు, కారోల్లోనూ ఆ మాట వినిపిస్తుంది. అది వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం, పక్క దేశం పత్రిక తీర్పు చెప్పేది కాదు. ఇక్కడ మేం మాట్లాడేది ఎక్కువగా తోబా వాళ్ల గురించి.

వాళ్ల బంధుత్వ వ్యవస్థకి వాళ్లు పెట్టుకున్న పేరు దలిహన్ న తోలు, మూడు రాళ్ల పొయ్యి. ఒక రాయి హులా-హులా, అంటే మనకు పిల్లనిచ్చినవాళ్లు. రెండోది బోరు, మన పిల్లని చేసుకున్నవాళ్లు. మూడోది దొంగన్ తుబు, ఒకే మర్గకి చెందిన దాయాదులు (మర్గ అంటే మన ఇంటిపేరూ గోత్రమూ కలిపితే వచ్చేదనుకోండి, ఒకే మర్గలో పెళ్లి కుదరదు). హులా-హులాకి మొక్కు, బోరుని బుజ్జగించు, దాయాదితో జాగ్రత్తగా ఉండు అని వాళ్ల సామెత. ఆ మూడో ముక్క అన్నది ఎవరో గానీ దేశాలకతీతంగా పనికొచ్చే మాట చెప్పారు.

దీని గొప్పతనమంతా ఎక్కడుందంటే, ప్రతి మనిషీ ఒకేసారి మూడు రాళ్లూ అవుతాడు. భార్య పుట్టింట్లో విందయితే అతను బోరు: నీళ్లు మోయాలి, వడ్డించాలి, అంట్లు తీయాలి. అదే తన చెల్లెలి అత్తింట్లో ఫంక్షనైతే అతనే హులా-హులా, చాప మీద పెద్దల వరసలో కూర్చుంటాడు, అందరూ వచ్చి మర్యాద చేస్తారు. జకార్తాలో పెద్ద లాయరైనా సరే, సైన్యంలో జనరలైనా సరే, బోరు వంతు వచ్చిన రోజు చోటు వంటల దగ్గరే. హోదా శాశ్వతం కాని ఇలాంటి ఏర్పాటు ప్రపంచంలో ఎన్ని చోట్ల మిగిలి ఉంటుంది? ఇద్దరు బతక్ మనుషులు ఊరు కాని ఊళ్లో కలిస్తే మొదట అడిగేది మర్గ ఏది, ఎన్నో తరం అనే. కాసేపట్లో ఒకరు మామయ్య, ఇంకొకరు అల్లుడు అయిపోతారు, ఆ తర్వాతే అసలు కబుర్లు. రైల్లో పక్క సీటాయన్ని మీ ఇంటిపేరేంటండీ, ఏ ఊరు అని అడిగే మనవాళ్లకి ఇది వింతేమీ కాదు.

మేనరికం సంగతి కూడా చెప్పుకోవాలి. అబ్బాయికి మేనమామ కూతురే మొదటి వరస, ఆమెని పరిబన్ అంటారు. ఇక్కడిదాకా విని మాదీ అంతేగా అని మనవాళ్లు అనేస్తారు, కానీ అంతే కాదు. మేనత్త కూతురు మనకు మరదలు, వాళ్లకి తోబుట్టువుతో సమానం, పెళ్లి మాట ఎత్తితేనే తప్పు. పిల్ల ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఒకే దిశలో వెళ్లాలి, వెనక్కి రాకూడదు, ఎందుకంటే వెనక్కి వస్తే ఇచ్చినవాళ్లెవరు పుచ్చుకున్నవాళ్లెవరు అన్నది కలగాపులగమై ఆ మూడు రాళ్లూ కదిలిపోతాయి. ఇంకో తేడా: మన దగ్గర మగపెళ్లివారు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఆడపెళ్లివారు నిలబడి కాచుకుంటారు. అక్కడ పిల్లనిచ్చినవాళ్లదే పైచేయి, సినమోత్ పేరుతో డబ్బు చెల్లించేది కూడా అబ్బాయి వైపువాళ్లే. కట్నాల కోసం పొలాలు అమ్ముకునే మన ఊళ్ల వైపు చూసుకుంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది.

అలాగని చప్పట్లు కొట్టేయక్కర్లేదు. మర్యాద దక్కేది అమ్మాయి తండ్రికీ అన్నదమ్ములకీ, అమ్మాయికి కాదు. వంశం కొడుకు పేరు మీదే నడుస్తుంది, ఆచారం ప్రకారం భూమి కూడా కొడుకులకే. 1961లో ఒక కారో కుటుంబం కేసులో ఇండోనేషియా సుప్రీంకోర్టు కూతురికీ తండ్రి ఆస్తిలో వాటా ఉందని స్పష్టంగా చెప్పింది. ఆరు దశాబ్దాలు దాటాయి. ఇప్పటికీ చాలా ఊళ్లలో ఆ వాటా అన్నదమ్ముల మంచితనం మీద ఆధారపడే ఉంది. ఆచారాన్ని కాపాడాలనే వాళ్లతో మాకు పేచీ లేదు, ఆచారం అడ్డం పెట్టుకుని ఆడపిల్ల వాటా ఎగ్గొట్టేవాళ్లతో ఉంది.

ఉలోస్ దగ్గరికి వద్దాం. ఆడవాళ్లు నడుముకి ఆనించుకునే చిన్న మగ్గం మీద వారాల తరబడి నేసే ఈ వస్త్రం శాలువా కాదు. కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్లు కప్పుతారు, పెళ్లిలో అల్లుడికీ వియ్యంకులకీ కప్పుతారు, భర్త పోయిన ఆమె తల మీద ఒక రకం, చనిపోయిన మనిషి మీద ఇంకో రకం. కప్పే హక్కు పైవాళ్లది, కప్పించుకునేది కిందివాళ్లు. హులా-హులా బోరుకి కప్పాలి, తల్లిదండ్రులు పిల్లలకి కప్పాలి. ఈ లెక్కన ఎన్నికల ముందు వచ్చిన నాయకుడికి ఉలోస్ కప్పారంటే, కప్పినవాళ్లు పైన, ఆయన కింద అన్నమాట. ఆ సంగతి ఎంతమంది నాయకులకి తెలుసో!

చావు కూడా అక్కడ వేరుగా జరుగుతుంది. పిల్లలందరికీ పెళ్లిళ్లై, మనవలు పుట్టాక పోయిన పెద్దవాళ్లది సౌర్ మతువా, నిండు చావు. గొండంగ్ వాయిద్యాలతో నాట్యమాడుతూ సాగనంపుతారు. ఏళ్ల తర్వాత మళ్లీ ఎముకలు తవ్వి తీసి, కడిగి, వంశం మొత్తం కలిసి కట్టించిన సమాధిలో పెడతారు. తోబా చుట్టుపక్కల పొలాల మధ్య బంగళాల్లా నిలబడ్డ ఆ సిమెంటు సమాధులు చూస్తే, బతికున్నవాళ్ల ఇళ్లకన్నా ఇవే బాగున్నాయే అనిపిస్తుంది. ఖర్చు భయంకరం. అప్పులు చేసి మరీ చేస్తారు, మన దగ్గర పెళ్లిళ్లకి చేసినట్టు.

విచిత్రమేమిటంటే తోబాల్లో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ల పెద్ద చర్చి హెచ్‌కేబీపీ 1861లో మొదలైంది. జర్మన్ మిషనరీ నొమెన్సెన్ 1864లో సిలిందుంగ్ లోయకి వచ్చి, 1918లో చనిపోయేదాకా బతక్ ప్రాంతంలోనే ఉన్నారు. గొండంగ్ మోగితే పాత దేవుళ్లు వస్తారని మిషనరీలు దాన్ని నిషేధించారు కూడా. నిషేధం సడలిపోయింది, గొండంగ్ మిగిలింది, ఇప్పుడు ఎముకలు తవ్వే చోట పాస్టరు ప్రార్థన చేస్తాడు. డచ్చివాళ్ల మీద 1878 నుంచి 1907లో కాల్పుల్లో ప్రాణం పోయేదాకా పోరాడిన బతక్ రాజు సిసింగమంగరాజ 12ని 1961లో జాతీయ వీరుడిగా ప్రకటించారు. ఆయన్ని గౌరవించే పాత మతం పర్మలిమ్‌ని మాత్రం దేశం మతమని ఒప్పుకోలేదు. దాన్ని పాటించేవాళ్ల గుర్తింపు కార్డులో మతం గడి ఖాళీగా ఉండేది, దాంతో ఉద్యోగాల దగ్గర, పెళ్లి రిజిస్ట్రేషన్ల దగ్గర టెన్షన్. 2017 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల విశ్వాసాన్నీ కార్డులో రాయొచ్చని తీర్పిచ్చింది. వీరుడికి పట్టం కట్టిన 56 ఏళ్లకి ఆయన మతం వాళ్లకి కార్డులో ఒక గడి దొరికింది.

మనకేం సంబంధం అనే పాఠకులకి రెండు మూడు సంగతులు. సుమారు 74 వేల ఏళ్ల కిందట తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర ఇప్పటికీ మందపాటి పొరగా ఉంది, దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ పేలుడు మిగిల్చిన గుంటే ఇవాళ్టి తోబా సరస్సు. సుమత్రా పడమటి తీరంలో బారుస్ దగ్గర 1088 నాటి తమిళ శాసనం దొరికింది, అయ్యావళి ఐదువందల వర్తక సంఘం వాళ్లది, మన ప్రాంతాల్లోనూ వ్యాపారం చేసినవాళ్లే. కారోల్లో సెంబిరింగ్ మర్గ కింద చోలియా, పాండియా, బ్రాహ్మణ, కెలింగ్ అనే శాఖలున్నాయి. ఎక్కడి నుంచి వచ్చిన పేర్లో చెప్పక్కర్లేదు.

ఆ వర్తకులు అంత దూరం వెళ్లింది కర్పూరం కోసం, సాంబ్రాణి కోసం. పసిపిల్లలకి తలంటి పోశాక మనం వేసే సాంబ్రాణి జిగురు కారే చెట్లలో ఒక రకం తోబా చుట్టూ ఉన్న కొండల్లో పెరుగుతుంది. బతక్ రైతులు బెరడుకి గాటు పెట్టి, నెలల తర్వాత గడ్డకట్టిన జిగురుని గీరి తెచ్చుకుంటారు. తాతలు చూపించిన చెట్లే మనవలు గీస్తారు. ఆ చెట్టుకి పక్కన పెద్ద చెట్ల నీడ కావాలి, అడవి కొట్టేసి యూకలిప్టస్ వేస్తే సాంబ్రాణి రాదు.

సరిగ్గా అదే జరిగింది. 1980ల్లో పోర్సెయా దగ్గర కాగితం గుజ్జు మిల్లు పెట్టి, చుట్టూ అడవుల్ని దానికి లీజుకిచ్చారు. సుగాపా ఊరి ఆడవాళ్లు తమ భూమిలో నాటిన యూకలిప్టస్ మొక్కలు పీకేసి కేసుల్లో ఇరుక్కున్నారు. జనం తిరగబడితే 1999లో మిల్లు ఆగింది, 2003లో తోబా పల్ప్ లెస్తారీ అని పేరు మార్చుకుని మళ్లీ తెరుచుకుంది. పండుమాన్, సిపితుహుతా ఊళ్లవాళ్లు సాంబ్రాణి చెట్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు, 2013లో అరెస్టులయ్యారు. అదే ఏడాది మేలో రాజ్యాంగ న్యాయస్థానం, ఆచార సమాజాల (తరతరాలుగా తమ ఆచారం ప్రకారం భూమిని, అడవిని అనుభవిస్తున్న ఇలాంటి ఊళ్ల) అడవి ప్రభుత్వ అడవి కాదు అని తేల్చింది. 2016 చివర్లో అధ్యక్షుడు జోకో విదోదో తొమ్మిది సమాజాలకి గుర్తింపు ప్రకటించారు, ఆ జాబితాలో ఈ ఊళ్లు కూడా ఉన్నాయి. 2025లో హెచ్‌కేబీపీ అధిపతే మిల్లు మూసేయాలని బహిరంగంగా అడిగారు. చర్చి, ఊరి పెద్దలు, సాంబ్రాణి రైతులు ఒకే మాట మీదకి వచ్చారంటే పరిస్థితి ఎంత ముదిరిందో అర్థం చేసుకోవచ్చు. పోడు భూముల గొడవలు చూసిన మనకి ఇదంతా తెలిసిన కథే.

ఇంకోపక్క తోబాని ఇంకో బాలీ చేస్తామని రోడ్లు, హోటళ్లు, పడవ పోటీలు. 2020లో భూగర్భ విశేషాలున్న చోట్లకిచ్చే యునెస్కో జియోపార్క్ హోదా వచ్చింది, 2023లో నిర్వహణ బాగాలేదని అదే యునెస్కో హెచ్చరించింది. తోబా సరస్సులోని సమోసిర్ దీవిలో, అంబరిత ఊళ్లోని పాత రాతి కుర్చీల దగ్గర పర్యాటకులకి చెప్పే కథ ఇప్పటికీ నరమాంసం గురించే. అది టికెట్టు అమ్ముతుంది కాబట్టి చెబుతారు. జంబర్ గురించి, సాంబ్రాణి గీత గురించి చెప్పే గైడు కావాలంటే వెతుక్కోవాలి.

పర్యాటకం వద్దని మేం అనం, డబ్బు అవసరం లేని ఊరు ఎక్కడా లేదు. కానీ హులా-హులా హోదా, బోరు బాధ్యత, విందుల ఖర్చు, ఎముకలు పెట్టే చోటు, అన్నిటికీ అడుగున ఉన్నది ఊరి భూమి. అది లీజులో పోయాక వేదిక మీద తోర్-తోర్ ఎంత బాగా ఆడినా అది ప్రోగ్రామే. ఆచార సమాజాల హక్కుల బిల్లు ఇండోనేషియా పార్లమెంటులో దశాబ్దానికి పైగా నానుతోంది, ప్రతి ప్రభుత్వమూ చేస్తాం అంటుంది, పక్కన పెడుతుంది. 2013 తీర్పు చెప్పిందే చట్టంలో రాయాలి, అందులో 1961 తీర్పునీ కలిపి భూమి హక్కు కూతుళ్లకీ ఉందని రాయాలి. అప్పుడు ఒక్కో ఊరూ విడివిడిగా కాగితాలు పట్టుకుని జకార్తా ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే పని తప్పుతుంది.