ఖతార్ వరల్డ్ కప్ ఫార్వర్డ్: చావులు కుట్ర ఎట్లా అవుతాయి?

ఆ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది, ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా అదే. 220 బిలియన్ డాలర్లు పెట్టి 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌తో ఖతార్ ప్రపంచం ముందు తలెత్తుకుందట, టూరిస్టులు ఎగబడ్డారట, కార్మికుల చావులన్నది పాశ్చాత్య మీడియా కుట్రట, మనవాళ్ళకి పనులు దొరికాయట, మనమూ 2036 ఒలింపిక్స్ తెచ్చుకుంటే దేశం పేరు మారుమోగుతుందట.

టూరిస్టులు వచ్చారు, ఎవరూ కాదనట్లేదు. ఆ 220 బిలియన్లలో ఎక్కువ భాగం స్టేడియాలకి కాదు, మెట్రోకి, రోడ్లకి. ఇక ఒలింపిక్స్‌తో పేరంటారా, 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ ముందు స్టేడియం పక్కన ఫుట్‌బ్రిడ్జి కూలితే ఆ ఫొటోలు కూడా ప్రపంచమంతా చూసింది.

నాకు ఒళ్ళు మండేది "కుట్ర" అన్న మాటకి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్ళలో అడగండి ముందు. ఏజెంట్‌కి కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, మెడికల్‌లో ఫిట్ అని వస్తేనే విమానం ఎక్కిన ముప్పై ఏళ్ళ మనిషి, పడుకున్నవాడు పడుకున్నట్టే పోతే సర్టిఫికెట్ మీద "సహజ మరణం" అని రాస్తారు, పోస్ట్‌మార్టం ఉండదు, సహజం అన్నాక కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదు, శంషాబాద్ కార్గోలో పెట్టె దింపుకున్న ఇంటికి మిగిలేది ఆ అప్పే. గార్డియన్ పత్రిక 2021లో లెక్క తీస్తే అక్కడ చనిపోయిన భారతీయుల్లో 80 శాతం ఇట్లా సహజం ఖాతాలోనే ఉన్నారు. ఈ చావులకి ఎండ కారణమే కాదంటే టోర్నీని జూన్ నుంచి నవంబర్‌కి ఎందుకు జరిపారు? తొంభై నిమిషాలు ఆడేవాళ్ళకి ఎక్కువైన ఎండ, ఆ స్టేడియాలు కట్టినవాళ్ళకి ఏళ్ళ తరబడి ఎక్కువ కాలేదా? ఎండాకాలం పొద్దున పది నుంచి మూడున్నర దాకా బయట పని ఆపమన్న రూల్ వచ్చింది 2021లో, అప్పటికి కట్టడం చాలావరకు అయిపోయింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. అందరూ తిప్పిన 6,500 అంకె స్టేడియాల్లో పోయినవాళ్ళది కాదు, పదేళ్ళలో ఐదు దక్షిణాసియా దేశాల నుంచి వెళ్ళి అన్ని రకాల కారణాలతో పోయినవాళ్ళది. దాన్ని స్టేడియం చావులుగా ప్రచారం చేయడం తప్పే. ఇంకో మాట, వరల్డ్ కప్ రాకపోతే యజమాని ఒప్పుకోందే పని మారనివ్వని కఫాలా రూల్స్ సడలేవీ కావు, 1,000 రియాల్ కనీస జీతమూ వచ్చేది కాదు. అందరి కళ్ళూ ఆ దేశం మీద పడ్డాయి కాబట్టే వచ్చాయి, మరి ఆ కళ్ళనే కుట్ర అంటే ఎట్లా?

"పనులు దొరికాయి" అని గర్వంగా పంపేవాళ్ళు ఇది కూడా కలిపి పంపండి: బాధిత కుటుంబాల కోసం ప్రైజ్ మనీకి సమానంగా 440 మిలియన్ డాలర్లు పక్కన పెట్టమని మానవ హక్కుల సంఘాలు అడిగితే వరల్డ్ కప్ నడిపే ఫిఫా పెట్టలేదు. 2024లో 50 మిలియన్లతో ఏదో ఫండ్ ప్రకటించింది, అదీ ఈ కుటుంబాల పరిహారానికి కాదు. 2034 వరల్డ్ కప్ సౌదీకి ఇచ్చేశారు. అక్కడికీ మనవాళ్ళే పోతారు, ఈసారి చనిపోయిన ప్రతి మనిషికీ కారణం తేల్చాలని, పరిహారం కాంట్రాక్ట్‌లోనే రాయాలని మన ప్రభుత్వాలు ఇప్పుడే పట్టుబట్టాలి.