కుసుమ పువ్వు కుంకుమపువ్వు కాదు

విజయనగరంలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కుసుమ పువ్వు పేదవాడి కుంకుమపువ్వట. గర్భిణులు పాలలో వేసుకుని తాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందట. పరగడుపున రెండు చెంచాల కుసుమ నూనె తాగితే పొట్ట కరుగుతుందట. గుండెకైతే ఎంత వాడితే అంత మంచిదట. ఐదో నెలలో ఉన్న మా పిన్ని కూతురు అది చదివి ప్యాకెట్ కొనేసింది. "అప్పా, ఈ రాత్రి నుంచి తాగనా?" అని ఫోన్ చేసింది. వద్దన్నాను. ఆ ప్యాకెట్ నేనే తెచ్చేసుకున్నాను.

మొదటి మాటే తప్పు. కుంకుమపువ్వంటే ఒక్కో పువ్వులో మూడే ఉండే ఎర్రటి పోగులు. అందుకే దానికంత ధర. కుసుమ వేరే మొక్క, ముళ్లుండే నూనెగింజల పంట. తాండూరు వైపు నల్లరేగడి నేలల్లో వేస్తారు. మా వైపు చేలల్లో కనపడదు కాబట్టి చూసి పోల్చుకోవడం మాకు కష్టం. ఆ ప్యాకెట్‌లోని ఒక రేకు నీళ్లలో నానబెట్టి వేలి మీద పెట్టుకుని చూశాను. సన్నటి గొట్టం, చివర ఐదు చీలికలు. గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు వేస్తే చూస్తుండగానే పసుపు దిగిపోయింది, వాసన మాత్రం లేదు. అసలు కుంకుమపువ్వు పోగు చివర బూరలా విచ్చుకుని ఉంటుంది. రంగు నెమ్మదిగా దిగుతుంది, ఘుమఘుమలాడుతుంది.

ఇక బిడ్డ రంగు సంగతి. అది అమ్మానాన్నల జన్యువుల నుంచి వస్తుంది. అసలు కుంకుమపువ్వు తాగినా మారదు. నాకు భయం వేసింది అందుకు కాదు. చైనా సంప్రదాయ వైద్యంలో కుసుమ పూలు ఆగిన నెలసరి రావడానికి ఇచ్చే మందు. గర్భిణులు వాడకూడదని ఆ వైద్యమే చెబుతుంది. అలాంటిదాన్ని కడుపుతో ఉన్న పిల్లకు పాలలో కలిపి ఇమ్మంటారా!

పొట్ట కరగడం కూడా జరగదు. ఏ నూనె అయినా పెద్ద చెంచాకు దాదాపు 120 కేలరీలు. బరువు తగ్గిస్తాయని అమ్మే సీఎల్ఏ (ఒక రకం కొవ్వు ఆమ్లం) గొట్టం మాత్రలను ఈ నూనెలోని కొవ్వును రసాయనికంగా మార్చి తయారుచేస్తారు. సీసాలోని నూనెలో ఆ సీఎల్ఏ ఉండదనే చెప్పాలి.

గుండె విషయంలో సగం నిజం ఉంది. మామూలు కుసుమ నూనెలో 70 శాతం పైగా లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఉంటుంది, విటమిన్ ఇ కూడా ఉంటుంది. నెయ్యి, డాల్డా తగ్గించి వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. కానీ 1966 నుంచి 1973 వరకు సిడ్నీలో 458 మంది గుండె రోగుల మీద జరిగిన ప్రయోగం లెక్కలు 2013లో మళ్లీ బయటికొచ్చాయి. కుసుమ నూనెకు మారినవాళ్లలో కొలెస్ట్రాల్ తగ్గినా మరణాలు ఎక్కువయ్యాయి. ఆ ఒక్కదాన్ని పట్టుకుని నూనె విషమని నేననను, కూరకు సరిపడా వాడుకోండి. "ఎంత వాడితే అంత" అన్నదే నిలవదు. గానుగ నూనె అయితే వేపుళ్లకు అసలు వద్దు, అంత వేడికి తట్టుకోదు.

రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఈ పూల టీ జోలికి వెళ్లకండి, రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. స్టెంట్ వేయించుకున్న మా బాబాయ్ గ్రూపు మెసేజ్‌లు సరిగా చూడరు. అందుకే ఆయనకు విడిగా ఫోన్ చేసి చెప్పాను.