పెళ్లాలను లెక్కపెట్టారు, చక్కెర తూచలేదు

చట్టసభకు పోదలచిన అపొస్తలుడు ముందు సంపాదించాల్సింది టికెట్ కాదు, చర్చి పెద్దల అనుమతి. అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా నడిచే మోర్మన్ క్రైస్తవ చర్చి, తన అగ్రనేతలైన అపొస్తలుల కోసం 1896లో ఈ నియమాన్ని కాగితం మీద పెట్టింది. సంతకం చేయనన్న మోజెస్ థాచర్‌ను ఆ ఏడాదే పన్నెండుమంది అపొస్తలుల మండలి నుంచి సాగనంపింది. యూటాలోని ప్రోవోలో ఉన్ని మిల్లు నడిపిన రీడ్ స్మూట్‌కు ఇంత అమాయకత్వం లేదు. 1900లో అపొస్తలుడయ్యాడు, అడగాల్సినవారిని అడిగాడు, 1903లో సెనేటరయ్యాడు. అప్పట్లో సెనేటర్లను ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభే కనుక, ఓటరు గడప తొక్కే శ్రమ కూడా లేదు.

ఇక వాషింగ్టన్ నీతికాపలాకు దిగింది. స్మూట్‌కున్నది ఒక్క భార్య. అయినా బహుభార్యత్వం పేర 1904లో సెనేట్ కమిటీ మొదలుపెట్టిన విచారణ మూడు వేల పేజీలు దాటింది. 1890లోనే ఆ ఆచారానికి స్వస్తి చెప్పామన్న చర్చికి అధ్యక్షుడైన జోసెఫ్ ఎఫ్. స్మిత్, తనకు ఐదుగురని కమిటీ ముందే ఒప్పుకున్నాడు. దేశం నోరెళ్లబెట్టింది. చక్కెర కంపెనీకి కూడా తానే అధ్యక్షుణ్ణని అదే సాక్ష్యంలో చెప్పాడు. అందులో ఎవరికీ తీపి కనబడలేదు. మధ్యలో ఇద్దరు అపొస్తలులు మండలి పదవులు వదులుకున్నారు. 1907లో స్మూట్ సీటు నిలిచింది.

అసలు పని అప్పుడు మొదలైంది. 1923లో దిగుమతి సుంకాల బిల్లులు చూసే సెనేట్ ఆర్థిక కమిటీ ఆయన చేతికొచ్చింది. యూటా రైతు పండించేది బీట్ దుంప. దాన్ని చక్కెర చేసే యూటా-ఐడహో కంపెనీకి అధ్యక్షుడు ఎవరు? చర్చి అధ్యక్షుడే. క్యూబా చెరకు చక్కెర చౌక. అదే దాని నేరం. దిగుమతి సుంకాలు పెంచిన 1930 నాటి స్మూట్-హాలీ చట్టంతో దాని మీద సుంకం పౌనుకు 1.76 సెంట్ల నుంచి 2 సెంట్లకు ఎక్కింది. యూటా గొర్రెలవాళ్లు అలగకుండా ఉన్నికీ 31 నుంచి 34 సెంట్లు. వీటో చేయమని 1,028 మంది ఆర్థికవేత్తలు మొరపెట్టుకున్నా అధ్యక్షుడు హూవర్ సంతకం పెట్టేశాడు. మరుసటి నెల విధురుడైన స్మూట్ మళ్లీ పెళ్లి చేసుకుంటే, కొత్త జంటకు విడిది వైట్‌హౌస్‌లోనే. ఒకరి తర్వాత ఒకరు కనుక ఈసారి కమిటీ వేయలేదు.

ఈ సుంకాలకు ప్రతీకారంగా కెనడా అమెరికా కోడిగుడ్ల మీద సుంకాన్ని డజనుకు 3 సెంట్ల నుంచి 10కి పెంచింది. 1932లో యూటా ఓటర్లు స్మూట్‌ను ఇంటికి పంపారు. గెలిచిన ఎల్బర్ట్ థామస్ కూడా మోర్మనే. కాకపోతే అపొస్తలుడు కాడు, ప్రొఫెసరు.