చిరంజీవి ఇన్‌వాయిసుకు

చిరంజీవి ఇన్‌వాయిసుకు దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆకివీడు వైపు ఆ రొయ్యల ప్లాంటులో నువ్వు ఏ ఫైలు కింద నలుగుతున్నావో తెలియక రాస్తున్నాను. నా ఫీజు బిల్లువని నిన్ను అక్కడికి పంపి 70 రోజులైంది.

భీమవరంలో 11 ఏళ్లు ఒక కంపెనీ హెచ్ఆర్‌గా చేసినన్నాళ్లూ నీతో పనే పడలేదు. ఒకటో తారీకు ఫోను టింగుమనేది, అంతే. అదే సలహా బయటినుంచి చెబితే డబ్బులిస్తారని ఎవరో అంటే నమ్మి, మెళ్లో ఐడీ కార్డు తీసేసి, కన్సల్టెంట్ అని విజిటింగ్ కార్డులు కొట్టించాను. "ఉద్యోగం మానేసినట్టా, పోయినట్టా?" అని మా ఆవిడ అడిగింది. ఇంకా తేలలేదు.

వినడం మాత్రం వింటున్నారు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలండీ అని లోపలుండి చెబితే "నువ్వు మా మనిషివా, గవర్నమెంటు మనిషివా?" అనేవారు. ఇప్పుడదే మాటకి కాఫీ ఇచ్చి, పూతరేకులు పెట్టి, ఆయ్ అంటున్నారు. అని ఏం చేశారు? పంతొమ్మిదో మనిషి దగ్గర ఆపేసి, మిగతావాళ్లని బావమరిది పేరున రెండో ఫర్మ్‌లో రాశారు. గేటొకటే, మేస్త్రీ ఒకడే. పీఎఫ్ వాళ్లు రెండూ కలిపి లెక్కేస్తే పాత బకాయికి వడ్డీ, పైన డ్యామేజీలు పడతాయని రిపోర్టులో రాశాను. నువ్వు దాని పక్కనే ఉన్నావుగా, ఎవరైనా పేజీ తిప్పారేమో చూడు.

పీఎఫ్‌కి 15వ తారీకు గడువు, దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ. నీకేముంది? "రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దామండీ" అన్నారు. ఓనరుగారికి చెరువులు కూడా ఉన్నాయిలే. పట్టుబడి అయితే కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క, రాలేదు. కౌంటొస్తే రేటు లేదు. రేటొచ్చేసరికి సంక్రాంతి వచ్చింది.

ఒక సంగతి నీ దగ్గర దాచను. నేను సీట్లో ఉండగా ఓ కన్సల్టెంటుగారి బిల్లు నాలుగు నెలలు నా సొరుగులో పడుంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "ఎండీగారి టేబుల్ మీద ఉందండీ" అనేవాణ్ణి. మొన్న ప్లాంటు హెచ్ఆర్ కుర్రాడికి ఫోన్ చేస్తే అదే మాట, అదే మర్యాద. అతనికి పని నేర్పింది నేనే.

వచ్చేటప్పుడు టీడీఎస్ అని ముందే పన్ను కింద 10 శాతం కోసుకుంటారు, బెంగపడకు. తొంభైతో వచ్చినా గుమ్మంలో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్తాను.

ఇట్లు,
నిన్ను కన్న పాపానికి,
కన్సల్టెంట్