‘కర్నూల్లో బిల్ట్‌ఇన్ ఫ్రిజ్ చూసేవాడే లేడు’: ఆ మెసేజ్‌కు ఒక మెకానిక్ జవాబు

ఎండలు ముదిరినప్పటి నుంచి మన కర్నూలు, అనంతపురం, కడప గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘లక్షలు పోసి కిచెన్ కప్‌బోర్డులో ఇమిడిపోయే బిల్ట్‌ఇన్ ఫ్రిజ్ కొనకండి. రిపేరొస్తే లోకల్‌లో ముట్టుకునేవాడు లేడు, హైదరాబాదు నుంచి మనిషి రావాల్సిందే. కూలింగ్ తగ్గిందంటే కంప్రెసర్ పోయినట్టే. ఏటా గ్యాస్ నింపించాలి. కప్‌బోర్డు పగలగొట్టనిదే బయటికి రాదు. లోకల్ మెకానిక్ చెయ్యేస్తే వారంటీ గోవిందా. కంపెనీ మీద కేసు వేయాలంటే వాళ్ల ఊరికే పోవాలి.’ దాని సారం ఇది. చివర్లో ‘అందరికీ పంపండి’ ఎలాగూ ఉంటుంది.

నేను కర్నూల్లో ఫ్రిజ్ మెకానిక్‌ని. ఐస్‌క్రీమ్ పార్లర్ల డీప్ ఫ్రీజర్లు, మందుల షాపుల ఫ్రిజ్‌లు, కూల్‌డ్రింక్ కూలర్లు ఎక్కువగా చూస్తాను. ఈ మధ్య కొత్త ఇళ్లలో బిల్ట్‌ఇన్‌లూ చేతికొస్తున్నాయి. మెకానిక్ కాబట్టి తన వాళ్లను వెనకేసుకొస్తాడులే అనుకోకండి. మా వాళ్లకు పడాల్సిన అక్షింతలు కింద ఉన్నాయి.

ముందు ‘ముట్టుకునేవాడు లేడు’ అన్న మాట. ఫ్రిజ్ మీద జర్మనీ పేరున్నా అమెరికా పేరున్నా లోపలున్నవి గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్, వేడి బయటికి వదిలే కండెన్సర్ కాయిల్, తేమ పీల్చే డ్రయర్, క్యాపిలరీ అనే సన్న గొట్టం, చల్లబరిచే లోపలి కాయిల్, రెండు మూడు ఫ్యాన్లు, మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరు, సెన్సర్లు, వీటిని నడిపే ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. అమెరికాలో పేరున్న సబ్‌జీరోనే తీసుకోండి. 1945లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో మొదలైన కంపెనీ అది. వాళ్ల ఫ్రిజ్‌ల గొప్ప ఏమిటంటే ఫ్రిజ్ భాగానికి ఒక కంప్రెసర్, ఫ్రీజర్‌కు ఒకటి విడివిడిగా ఉండటం. చూసేవాడికి అది పెద్ద వింతేం కాదు, గ్యాస్ తిరిగే సర్క్యూట్లు రెండు, అంతే. ఈ పని ఐటీఐలో రెండేళ్ల ట్రేడ్‌గా నేర్పుతారు.

మరి మనిషి ఎందుకు దొరకడు? వెతకాల్సిన చోట వెతకం కాబట్టి. బ్రాండ్ పేరు చెప్పి ‘ఇది చేస్తారా’ అని ఫోన్‌లో అడిగితే ఎవడైనా జంకుతాడు. మిక్సీ, గీజరు, వాషింగ్ మెషిన్ అన్నీ చేస్తామని బోర్డు పెట్టుకున్న షాపుకి పోకండి. మందుల హోల్‌సేల్ షాపులో, ఐస్‌క్రీమ్ పార్లర్‌లో, పాల కేంద్రంలో అడగండి: ‘మీ ఫ్రీజర్ ఆగితే ఎవర్ని పిలుస్తారు?’ సరుకు పాడైతే నష్టం వాళ్లది కాబట్టి పనికిరానివాణ్ణి వాళ్లు రెండోసారి పిలవరు. ఆ మనిషి దొరికాక గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు ఉందా, గ్యాస్ తూచే కాటా ఉందా అని అడగండి. ఈ రెండూ లేకపోతే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేయండి.

‘కూలింగ్ తగ్గితే కంప్రెసర్ పోయినట్టే’ అన్నది ఇందులో అన్నిటికన్నా ఖరీదైన అబద్ధం. వెంకటరమణ కాలనీలో ఒక ఇంటికి వెళ్లాను. అప్పటికే ఎవరో వచ్చి కంప్రెసర్ మార్చాలని ఎస్టిమేట్ రాసిచ్చి పోయారు. ఫ్రిజ్ కింద అడుగుపట్టీ ఊడదీసి చూస్తే, గాలి లోపలికి రావాల్సిన సందుకి అడ్డంగా ఇల్లు కట్టినవాళ్లు గ్రానైట్ స్కర్టింగ్ అతికించేశారు. పైన వేడిగాలి పోవడానికి కప్‌బోర్డు పలకలో కోసిన రంధ్రం ఉంది. దాని మీద న్యూస్‌పేపర్ పరిచి, ఆ పైన ఇత్తడి బిందెలు బోర్లించారు. కంప్రెసర్ మీద చెయ్యి ఆనడం లేదు. వేడెక్కి, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ కట్టవుతుంది, కాసేపటికి చల్లబడి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ కట్టవుతుంది. బిందెలు దింపించి, స్కర్టింగ్ కోయించి, కాయిల్ మీద పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులిపాను. మర్నాటికి పాలు గడ్డకట్టేలా ఉన్నాయి, కొంచెం తగ్గించమంటారా అని ఆ ఇంటి అమ్మ ఫోన్ చేశారు.

చాలా కంపెనీల మాన్యువల్‌లో కింద, పైన గాలిదారి కనీసం 200 చదరపు సెంటీమీటర్లు ఉండాలని రాసి ఉంటుంది. అంటే 40 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు సందు. కిచెన్ చేసే కార్పెంటర్ ఆ పేజీ తిప్పడు, ఇంటివాళ్లు అడగరు. ఫ్రిజ్ లోపలి గోడ మీద అతికించిన ప్లేటు కూడా ఒకసారి చూడండి. ఎస్‌టీ అని ఉంటే అది 38 డిగ్రీల గది వేడి వరకు, టీ అని ఉంటే 43 డిగ్రీల వరకు పనిచేయడానికి చేసింది. మే నెలలో మన ఊళ్లో ఆ 43 దాటే రోజులుంటాయి, కప్‌బోర్డు లోపల ఇంకా ఎక్కువే. అలాంటప్పుడు రాత్రీపగలూ ఆగకుండా ఆడుతోందంటే యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

ఫ్రీజర్‌లో ఐస్ గట్టిగానే ఉండి కింద కూరగాయలు వాడిపోతుంటే, ఒకే కంప్రెసర్ ఉన్న మోడళ్లలో కంప్రెసర్ బతికే ఉన్నట్టు. లోపలి కాయిల్ మంచుతో మూసుకుపోయి గాలి కిందికి రావడం లేదు. డీఫ్రాస్ట్ హీటరో, సెన్సరో, ఫ్యానో చూడాలి. పాత రకం కంప్రెసర్ అయితే పక్కనున్న రిలే, అంటే దాన్ని స్టార్ట్ చేసే చిన్న పార్టు, తీసి చెవి దగ్గర ఊపండి. గలగలమంటే లోపలి బిళ్ల పగిలినట్టే. మారిస్తే సరిపోయేది అదే, చిన్న ఖర్చు.

ఇక ‘ఏటా గ్యాస్ నింపించాలి’. దీన్ని పుట్టించింది మా వాళ్లే, దాచేదేముంది. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్ సిలిండర్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది. లీక్ వెతకకుండా గ్యాస్ ఎక్కించి డబ్బులు తీసుకున్నవాడు వచ్చే వేసవికి కూడా మీ ఇంటికే గిరాకీ పెట్టుకుని పోయినట్టు. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఏ మండే గ్యాస్, ఐసోబ్యూటేన్. ఇళ్ల ఫ్రిజ్‌లలో అది 150 గ్రాములకు మించకూడదని ప్రమాణం, చాలావాటిలో అందులో సగం కూడా ఉండదు. అంత కొంచెంలో పది గ్రాములు అటూ ఇటూ అయినా కూలింగ్ తేడా వస్తుంది. అందుకే కాటా అడగమన్నాను. సర్క్యూట్ తెరిచినప్పుడు డ్రయర్ కొత్తది వేయాలి, వాక్యూమ్ లాగాలి. గ్యాస్ పూర్తిగా బయటికి పోకముందే గొట్టాలు అతికే బ్రేజింగ్ మంట పెట్టేవాణ్ణి వంటింట్లోకి రానివ్వకండి.

కప్‌బోర్డు పగలగొట్టాలన్నది కార్పెంటర్‌ను పిలవని తొందరపాటు. చాలా మోడళ్లను పక్క పలకలకు, పై పలకకు కొన్ని స్క్రూలతో బిగిస్తారు. అంతా ఖాళీ చేసి, తలుపు మీది చెక్క ప్యానెల్ దించి, ఆ స్క్రూలు విప్పితే ముందుకు జరుగుతుంది. ఇద్దరు మనుషులుండాలి, కింద టైల్స్ మీద దుప్పటి పరవాలి. కిచెన్ చేసిన కార్పెంటర్‌నూ మెకానిక్‌నూ ఒకే రోజు పిలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మెసేజ్‌లో నిజం లేదనడం లేదు. వారంటీ ఉన్నన్నాళ్లు బయటివాడితో గ్యాస్ సర్క్యూట్ తెరిపిస్తే కంపెనీ చేతులెత్తేస్తుంది, కాబట్టి అప్పుడు కంపెనీనే పిలవండి. కాయిల్ దుమ్ము దులపడం, గాలిదారి తెరవడం మాత్రం మాన్యువల్‌లో చెప్పిన పనులే, వాటికి వారంటీ పోదు. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ దగ్గర కూడా జాగ్రత్త పడాలి. దానికి కరెంటు బోర్డు ద్వారా వెళ్తుంది. పాత అలవాటుతో నేరుగా 230 వోల్టులిచ్చి ‘టెస్ట్’ చేస్తే బాగున్నది కూడా కాలిపోతుంది. వచ్చినవాడు మల్టీమీటర్‌తో ఆ కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలిచి మూడూ దాదాపు సమానంగా ఉన్నాయా అని చూశాడంటే పని తెలిసినవాడే. బోర్డు పోయిందని తేలితే, ఆ పార్టు కర్నూల్లో కొట్లో దొరకదు. కంపెనీ నుంచే తెప్పించాలి.

అందుకని హైదరాబాదు మనిషిని రెండుసార్లు తిప్పాల్సిన పని లేదు. హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైన దూరం, ప్రతి రాకకూ విజిటింగ్ చార్జీ. ముందు లోకల్ మెకానిక్‌తో ఏం పోయిందో తేల్చుకోండి. లోపలి ప్లేటు మీది మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఫొటో తీసి కంపెనీకి పంపండి. డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వస్తుంటే మెయిన్ ఆపకముందే దాన్నీ ఫొటో తీయండి, కొన్ని మోడళ్లలో కరెంటు పోతే అది చెరిగిపోతుంది. అప్పుడు వచ్చే మనిషి పార్టు చేతిలో పట్టుకునే వస్తాడు.

చివరిది, కేసు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు. బిల్లు, వారంటీ కార్డుతో పాటు, వచ్చి చూసిన మెకానిక్‌తో ఏం కొలిచాడో, ఏం పోయిందో తేదీ వేసి సంతకంతో రాయించుకోండి. రాయనని నసిగితే నా పేరు చెప్పకుండా నాలుగు తిట్టండి.