ఆట అప్పుడే మొదలుపెట్టకండి

ఈమధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి గమనిస్తున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎప్పుడూ ఆడించని కుర్రాళ్లు ఒక సాయంత్రం కూర్చుని ఏదో చదివేసి, మర్నాడే నలుగురు స్నేహితులను పోగేసి ఆట ఆడించేస్తున్నారు. పైగా అందరూ సరదాగా గడిపారట. గేమ్ మాస్టర్ అనే పదవికి ఇక మర్యాద ఏం మిగిలినట్టు?

సంగతి తెలియని పాఠకులకు రెండు ముక్కలు. ఇది నలుగురు కలిసి కూర్చుని, మాటలతోనే కథ నడుపుకునే ఆట. ఇందులో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర: ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఇంకొకరు దొంగ. మిగతా లోకమంతా, అంటే రాజుగారు, సత్రం యజమాని, రాక్షసులు, చివరికి వానా గాలీ కూడా గేమ్ మాస్టర్ ఒక్కడే. ఫలానా పని అవుతుందా కాదా అన్న అనుమానం వస్తే ఇరవై ముఖాల డైస్ వేసి తేల్చుకుంటారు. ఇంత అధికారం ఉన్న ఉద్యోగానికి ప్రవేశ పరీక్ష లేదు. కనుక ఆ లోటు తీర్చే బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

ముందు చదువు. ఆటగాళ్ల పుస్తకం, మాస్టర్ల పుస్తకం, రాక్షసుల పుస్తకం, మూడూ కలిపి దాదాపు వెయ్యి పేజీలు. అట్ట నుంచి అట్ట దాకా చదవాలి. 2014 నాటి పుస్తకాలు పూర్తిచేసేలోగా 2024లో సవరించిన కొత్తవి మొదలయ్యాయి కాబట్టి మళ్లీ మొదటి పేజీకి రండి. ప్రాథమిక నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయని, అసలు నియమాల్లో పెద్ద భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద అందరికీ వదిలేశారని ఎవరైనా చెబితే చెవిన పెట్టకండి. డబ్బు పెట్టని చదువు ఒంటబడుతుందా?

కొత్తవాళ్ల కోసం 2014లో వచ్చిన స్టార్టర్ పెట్టె సంగతి మరీ అన్యాయం. 32 పేజీల నియమాలు, 64 పేజీల కథ, ముందే తయారుచేసిన ఐదు పాత్రలు, డైస్. దారిలో చచ్చిపడిన గుర్రాలు, పక్క పొదల్లో నక్కిన నాలుగు గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు, అంతే, ఆట మొదలు. (ఆ నాలుగింటిని తక్కువ అంచనా వేయకండి. ఒకటో లెవెల్ మంత్రగాడి ప్రాణం ఎంతో, వాటి బాణం బాగా తగిలితే దెబ్బ ఇంచుమించు అంత. ఒకదాన్ని తగ్గిస్తే మంచిదని దయగల మాస్టర్లు అంటారు. దయ మన పని కాదు.) ఇంత చిన్న కథతో మొదలుపెడితే మీరు రాయబోయే రెండువేల ఏళ్ల సామ్రాజ్య చరిత్ర ఎవరు వింటారు?

అవును, చరిత్ర రాయాలి. మూడు రాజవంశాలు, వాళ్ల మధ్య పెళ్లిళ్లు, పాత పగలు, ఉప్పు మీద పన్ను ఎంత, ఏ రాజు కాలంలో పెంచారు, అన్నీ. మ్యాపులో ప్రతి వాగుకూ పేరు ఉండాలి. ఇదంతా అయ్యాక మొదటి సెషన్‌లో మీరు గొంతు సవరించుకుని మహారాజు లేఖ చదవడం మొదలుపెడతారు. రెండో వాక్యం దగ్గర ఒకడు అడ్డొస్తాడు. "మామా, ఇందాక పారిపోయిన గాబ్లిన్ పేరేంటి?"

మీ దగ్గర మూడు రాజవంశాలున్నాయి గానీ గాబ్లిన్‌కు పేరు లేదు. కంగారులో నోటికొచ్చింది ఏదో అంటారు, బుజ్జిగాడు అనుకుందాం. అయిపోయింది. ఆ రాత్రంతా బుజ్జిగాడి చుట్టూనే. వాడికి చెప్పులు కొనాలి, వాళ్లమ్మను వెతకాలి, వాణ్ణి సత్రంలో పనికి కుదర్చాలి. మహారాజు లేఖ తడిసిపోయిందని దొంగ పాత్రవాడు తనంతట తానే ప్రకటిస్తాడు. బలహీనమైన మాస్టర్లు ఇక్కడ లొంగిపోయి, వచ్చే వారానికి బుజ్జిగాడి వాళ్లమ్మ గురించి ఒక పేజీ రాసుకుంటారు. మీరు మాత్రం లొంగకండి. ఉత్తరాన వరద రప్పించండి, దక్షిణాన వంతెన కూల్చండి, తూర్పున మశూచి పెట్టండి. పడమర ఒక్కటే దారి మిగలాలి, ఆ దారి చివర మహారాజు లేఖ రెండో ప్రతితో నిలబడి ఉండాలి. దీన్ని ఆటగాళ్ల స్వేచ్ఛ అంటారు.

కథకు కీలకమైన ఆధారం ఒకే ఒక్క రహస్య తలుపు వెనక దాచండి. అది కనబడాలంటే డైస్ మీద కనీసం 18 పడాలని పెట్టండి. ఏ బోనసూ లేకపోతే అలా పడే అవకాశం నూటికి పదిహేను. నలుగురికీ పడదు. రెండు గంటలు గోడలు తడుముతారు. అదే ఆధారాన్ని మూడు చోట్ల పెట్టేవాళ్లు, డైస్ సరిగా పడకపోయినా తలుపు తెరిచి బదులుగా లోపల కాపలావాణ్ణి నిద్రలేపేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు గోడల మీద గౌరవం లేదు.

శిక్షణ కోసం, కొందరు నటులు ఈ ఆట ఆడుతూ చూపించే క్రిటికల్ రోల్ అనే ఇంటర్నెట్ షో చూడండి. 2015 నుంచి వస్తోంది. మొదటి క్యాంపెయిన్, అంటే మొదటి పెద్ద కథ ఒక్కటే 115 ఎపిసోడ్లు, చాలావాటి నిడివి మూడు గంటల పైనే. అందులో ఉన్నది వృత్తిరీత్యా డబ్బింగ్ చెప్పే నటులు కాబట్టి, మీ తొలి సెషన్‌ను దానితోనే పోల్చుకోవడం న్యాయం. పది గొంతులు సాధన చేయండి. అరగంటకల్లా సత్రం ముసలమ్మా, డ్రాగనూ ఒకే గొంతుతో దగ్గుతారు. పర్వాలేదు.

సెషన్ జీరో అని ఒకటుంది. ఆట కంటే ముందు కూర్చుని, మీకు యుద్ధం కావాలా, హాస్యం కావాలా, కథలో ఏవి అసలు రాకూడదు అని ఆటగాళ్లను అడగడం. దీనికి దూరంగా ఉండండి. అడిగితే చెబుతారు. చెబితే మనం మారాలి.

ఈ అవ్యవస్థకు మూలం ఎక్కడో కూడా చెప్పాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను మూడు పల్చటి పుస్తకాలుగా పెట్టెలో పెట్టి అమ్మారు, మొదటి విడత వెయ్యి పెట్టెలు. అడవుల్లో తిరగడానికి మ్యాపు కావాలంటే వేరే కంపెనీ వాళ్ల బోర్డు గేమ్ వాడుకోమన్నారు. సగం నియమాలు అర్థం కావు, మిగతా సగం కనబడవు. కొన్నవాళ్లు బుద్ధిగా రెండో ముద్రణ కోసం ఆగొచ్చు కదా! ఆగలేదు. ఖాళీలన్నీ సొంతంగా పూరించుకుని ఆడేశారు.

మా బంధువుల కుర్రాడొకడు హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో డల్లాస్‌లోని అక్కకూ, ఆమె స్నేహితులకూ ఆట నడిపిస్తున్నాడు. వాళ్లకు శనివారం రాత్రి, వీడికి ఆదివారం ఉదయం. స్టార్టర్ పెట్టె తప్ప చేతిలో ఏమీ లేదు. నియమం గుర్తులేకపోతే ఏదో ఒకటి తేల్చేసి, సెషన్ అయ్యాక చూసుకుంటాడట. ఇప్పటికి గుహ దాటారు, ఊళ్లో రౌడీలను తరిమారు. వాడి సామ్రాజ్యంలో ఉప్పు పన్ను ఎంత అని అడిగాను. "సామ్రాజ్యమా బాబాయ్?" అన్నాడు.